చెమట పట్టని మేక

అనగనగా ఒక అడవిలో, ఎండ కూడా లోపలికి రావడానికి జంకేంత వేడిగా ఉండే పూతరేకుల పాక ఒకటి ఉండేదర్రా. యజమాని భల్లయ్య అనే ఎలుగుబంటి. రేకులు తీసేది మంగాయమ్మ అనే మేక. పొయ్యిలోకి తాటాకులు ఎగదోసేది నరసమ్మ అనే గేదె.

బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పైన తడిగుడ్డతో బియ్యం రుబ్బిన పిండిపాలు పూస్తే రేకు లేస్తుంది. అది కాగితంకన్నా పల్చన. గాలి తగిలితే ఎగిరిపోతుంది. అందుకని భల్లయ్య కిటికీలన్నీ మూసి గడియ పెట్టించాడు. తాను మాత్రం బయట వేపచెట్టు కింద విసనకర్ర పట్టుకుని కూర్చున్నాడు. మహా తెలివి కదూ!

"అయ్యగారూ, ఊపిరాడడం లేదు. ఒక్క కిటికీ తీయించండి" అంది మేక.

"రేకులు ఎగిరిపోతే నువ్వు పట్టుకొస్తావా?" అన్నాడు భల్లయ్య.

కాసేపాగి, "గుక్కెడు మజ్జిగైనా తాగొస్తానండీ" అంది.

"నువ్వు లేస్తే కుండ మాడదూ?"

మధ్యాహ్నానికి మేకకు కళ్లు బైర్లు కమ్మాయి. "కాసేపు నీడలో కూర్చుంటానండీ" అని బతిమాలింది.

"రేపే మృగరాజుగారింట్లో పెళ్లి. అది కానీ, ఏడాదంతా కూర్చుందువుగాని!"

ఇంకాసేపటికి మేకకు చెమట పట్టడం ఆగిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. మాట తడబడుతోంది. భల్లయ్య గుమ్మంలోంచి తొంగిచూసి తెగ మురిసిపోయాడు. "చూశావుటే నరసమ్మా! ఒక్క చెమట చుక్క లేదు. మంగాయమ్మ వేడికి అలవాటు పడిపోయింది!"

ఆ మాట పూర్తికాకముందే మేక కుప్పకూలింది.

"అలవాటు పడ్డం కాదయ్యా, మొద్దావతారమా! ప్రాణం మీదికొచ్చింది!" అని గేదె అరిచింది. మేకను వీపున వేసుకుని పరుగున వెళ్లి కాలవ నీళ్లలో పడుకోబెట్టింది. మెడకీ ఒంటికీ నీళ్లు చల్లుతూనే ఉంది. పొద్దు వాలే వేళకు గానీ మంగాయమ్మ కళ్లు తెరవలేదు. ఆ తరవాత ఇద్దరూ ఆ పాక గడప తొక్కలేదు.

పెళ్లివారు ఊరుకుంటారా? మర్నాడు భల్లయ్యే కుండ ముందు కూర్చున్నాడు. అసలే ఒంటినిండా బొచ్చాయె! మూడో రేకు లేవకముందే "చచ్చాన్రా దేవుడో!" అంటూ లేచి, తన చేత్తోనే కిటికీలన్నీ బార్లా తెరిచాడు. గాలి రివ్వున వచ్చింది. మంగాయమ్మ తీసిపెట్టిన రేకులన్నీ అడవి మీదుగా ఎగిరిపోయాయి.

దారిన పోతున్న గేదె ఆగి చూసింది. "పట్టుకురండి అయ్యగారూ, పట్టుకురండి!" అంది.

నీతి: నీడలో కూర్చున్నవాడికి పొయ్యి వేడి తెలియదు. చెమట ఆగిన ఒళ్లు వేడికి అలవాటు పడ్డ ఒళ్లు కాదు, ఆపదలో పడ్డ ఒళ్లు.