ఆగనిచ్చిన నెలలు

డాక్టర్ అహల్యాదేవి గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుంటారు, అంతే. రాజమండ్రిలో ఆవిడ సంతాన సాఫల్య ఆసుపత్రిలో పని నేర్చుకోవడానికి చేరిన కుర్ర డాక్టర్ మృణాళినికి ఈ అలవాటు మొదట్లో చిరాకు తెప్పించేది. పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉన్న సంగతి కోసం పొద్దంతా కుర్చీలో కూర్చోవాలా అనుకునేది. చాలాకాలం తర్వాత ఈ కథ మృణాళినే నాకు చెప్పింది.

ఒకరోజు ఆమె గురువుగారిని అడిగింది: "మేడమ్, పిండం ఫ్రీజర్‌లో భద్రంగా ఉంది. గర్భసంచి లోపలి పొర చక్కగా తయారైంది. ఈ నెల ప్రవేశపెట్టినా ఒకటే, కొన్నాళ్లు ఆగినా ఒకటే అనిపించే కేసు వస్తే, ఎప్పుడని నిర్ణయించాలి? దేన్ని బట్టి?"

అహల్యాదేవి గారు కళ్లజోడు తుడుచుకుని, "అలాంటి కేసు ఇప్పుడు బయటే కూర్చుని ఉంది. పిలువు," అన్నారు.

వచ్చినవాళ్లు ముగ్గురు. సత్యవేణి రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్. ఇంజన్లో పైలట్ పక్క సీటులో కూర్చుని, ఎదురుగా కనిపించే ప్రతి సిగ్నల్‌నీ పైకి పలికి చెప్పే ఉద్యోగం. భర్త గోవిందరాజుకు కోటగుమ్మం దగ్గర ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే షాపు ఉంది. మూడో మనిషి అత్తగారు సీతారత్నం. మాట పెద్దది, మనసు అంతకన్నా తొందరపడేది.

సత్యవేణికి మొదటిసారి ప్రవేశపెట్టిన పిండం నిలవలేదు. రెండోది నిలిచింది. గుండె చప్పుడు కూడా వినిపించింది. తర్వాతి స్కాన్‌లో ఆ చప్పుడు లేదు. ఇక మిగిలింది ఒక్కటే. అండాలు బాగా తగ్గిపోయాయి కాబట్టి మళ్లీ తీసి కొత్త పిండాలు తయారుచేసే ఆశ దాదాపు లేదు. ఆ ఒక్కటీ సన్నటి గొట్టంలో, ద్రవ నైట్రోజన్ ట్యాంకులో ఉంది.

మృణాళిని రిపోర్టులు చూసి, "ఈ నెల అన్నీ అనుకూలంగా ఉన్నాయి. వచ్చే వారం చేసేయొచ్చు," అంది.

"అదీ మాట!" అంది సీతారత్నం. "మా పంతులుగారు కూడా వచ్చే వారమే బాగుందన్నారండి."

గోవిందరాజు తలూపాడు. సత్యవేణి మాత్రం నేల చూస్తూ కూర్చుంది.

అహల్యాదేవి గారు ఆమె వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు: "అమ్మా, ఇది నిలవలేదనుకో. మర్నాడు పొద్దున్న నువ్వేం చేస్తావు?"

మృణాళినికి గురువుగారి మీద కోపమే వచ్చింది. ఆశతో వచ్చినవాళ్లని అడిగే ప్రశ్నేనా అది? సీతారత్నం, "శుభమా అని వస్తే అవేం మాటలండీ!" అని పైకే అనేసింది.

సత్యవేణి చాలాసేపటికి తలెత్తింది. "తెలీదండి," అంది. "పోయినసారి మంచం దిగలేదు. ఫ్యాను తిరుగుతుంటే దాన్నే చూస్తూ పడుకునేదాన్ని. అత్తయ్య అన్నం తినిపించారు." మళ్లీ అంది: "నాకు ట్రైనింగ్ వచ్చిందండి. గూడ్సు బండి సొంతంగా నడిపే ట్రైనింగ్. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇంతకుముందు రెండుసార్లు వస్తే ఈ మందుల వల్ల వదిలేశాను. గర్భం వస్తే ఎలాగూ ఇంజన్ ఎక్కనివ్వరు కదండీ. ఈసారీ వదిలేస్తే నా తర్వాత చేరినవాళ్ల పక్కన కూర్చుని వాళ్లకి సిగ్నళ్లు చెప్పాలి."

సీతారత్నం కోడలి వైపు గిర్రున తిరిగింది. "బండి ఈ యేడు కాకపోతే వచ్చే యేడు నడుపుతావే. బిడ్డ అలా కాదు కదా!"

"ఆ సంగతే తిరగేసి చూడండి, సీతారత్నం గారూ," అన్నారు అహల్యాదేవి. "ట్యాంకులో ఉన్నదానికి వయసు రాదు. ఎప్పుడు తీసినా దాచిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ట్రైనింగ్ అలా ఉండదు."

"దానికి రాకపోతేనేం, మా పిల్లకి వస్తుంది కదండీ వయసు!"

"వస్తుంది. కొన్ని నెలలకి కంగారుపడేంత రాదు. పరీక్షలన్నీ చూసుకునే చెబుతున్నాను. ఇంకొకరికైతే ఆగొద్దనే చెప్పేదాన్నేమో."

గోవిందరాజు తల్లి వైపు చూడకుండా, "వేణీ, నువ్వెళ్లు. ట్రైనింగ్‌కి వెళ్లు," అన్నాడు. సత్యవేణి రెండు చేతులతో మొహం కప్పుకుంది. దుఃఖమో సంతోషమో మృణాళినికి తెలియలేదు. సీతారత్నం కుర్చీలోంచి లేచి, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచింది.

ఆ సాయంత్రం మృణాళిని ఉండబట్టలేక, "మేడమ్, మంచి నెల చేజారిపోయింది. రేపు ఏదైనా తేడా వస్తే ఆ పెద్దావిడ మనల్నే అంటుంది," అంది.

"అంటుంది," అన్నారు అహల్యాదేవి గారు.

నెలలు గడిచాయి. మృణాళిని ట్యాంకు ఉన్న గదిలోకి రోజూ వెళ్లి నైట్రోజన్ మట్టం చూసేది. అది టెక్నీషియన్ పని. అయినా చూడందే ఆమెకు నిద్ర పట్టేది కాదు. మధ్యలో ఒకసారి మందుల కోసం వచ్చిన గోవిందరాజు నవ్వుతూ ఇంటి సంగతి చెప్పాడు. మొదట్లో తల్లి కోడలితో మాట్లాడడం మానేసిందట. సత్యవేణి ట్రైనింగ్ నుంచి సెలవులకు వచ్చి వంటింటి గట్టు మీద పుస్తకం పెట్టుకుని రూల్సు బట్టీ పడుతుంటే, ఒకరోజు సీతారత్నం ఆ పుస్తకం లాక్కుని, "నేను అడుగుతా, నువ్వు చెప్పు," అందట. "ఇప్పుడు మా అమ్మకి నాకన్నా ఎక్కువ సిగ్నళ్లు వచ్చండి," అన్నాడు.

తర్వాత ఒక ఉదయం ఆసుపత్రికి ఫోన్ వచ్చింది. "రేపు మా కోడలు మొదటిసారి సొంతంగా బండి తెస్తోంది. డాక్టరమ్మగారిని ద్వారపూడి స్టేషన్‌కి రమ్మనండి. ఆ చిన్న డాక్టరమ్మని కూడా." గొంతు సీతారత్నానిదే.

అహల్యాదేవి గారు మర్నాటి ఉదయం అపాయింట్‌మెంట్లన్నీ మధ్యాహ్నానికి జరిపారు. మృణాళిని వెంట వెళ్లింది. ప్లాట్‌ఫాం మీద సీతారత్నం పట్టుచీర కట్టుకుని నిలబడి ఉంది. పక్కన గోవిందరాజు, వాళ్ల వీధివాళ్లు పదిమంది దాకా ఉన్నారు. ఆకుపచ్చ జెండా పట్టుకున్న రైల్వే ఉద్యోగి వాళ్లని వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుతున్నాడు.

దూరం నుంచి హారన్ వినిపించింది. ఇంజన్ వంపు తిరిగి కనబడింది. వెనక బొగ్గు వ్యాగన్లు ఎక్కడ అంతమవుతాయో తెలియనంత పొడుగ్గా వస్తున్నాయి. ఉద్యోగి జెండా చాచాడు. సీతారత్నం తన ఆకుపచ్చ పట్టుచీర కొంగు తీసి రెండు చేతులా పైకెత్తి ఊపింది.

"అమ్మా, కొంగు దింపండమ్మా! బండివాళ్లు అదీ సిగ్నలే అనుకుంటే నా ఉద్యోగం పోద్ది!" అని అతను అరిచాడు.

"పోదులే బాబూ, అది మా కోడలే!"

ఇంజన్ వాళ్ల ముందు నుంచి వెళ్లింది. కిటికీలో సత్యవేణి కనిపించింది. చూపు పట్టాల మీంచి తిప్పలేదు. పక్క సీటులో ఒక కుర్రాడు సిగ్నల్ పలుకుతున్నాడు. ఆమె తిరిగి పలుకుతోంది. తనవాళ్లని దాటిపోతున్నప్పుడు మాత్రం, మొహం పక్కకి తిప్పకుండానే, పెదాల మీద నవ్వు దాచుకోలేకపోయింది. భూమి అదిరింది. వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి వెళ్తూనే ఉన్నాయి. "ఇదంతా అదే లాగుతోందండి! ఇదంతా!" అని సీతారత్నం కనబడ్డవాళ్లందరి చేతులూ పట్టుకుని చెప్పింది. మృణాళిని కళ్లు తుడుచుకుంది. బొగ్గు దుమ్ము పడిందని చెప్పింది గానీ ఎవరూ నమ్మలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు సత్యవేణే ఫోన్ చేసింది. "ఇప్పుడు చేద్దామండి," అంది. పంతులుగారి మాట ఎవరూ ఎత్తలేదు.

పిండం ప్రవేశపెట్టే రోజున అహల్యాదేవి గారు పిండం ఉన్న గొట్టం మృణాళిని చేతికే ఇచ్చి తాను పక్కన నిలబడ్డారు. అంతకుముందు బల్ల మీద పడుకున్న సత్యవేణి తల నిమిరి, మళ్లీ అదే అడిగారు: "నిలవకపోతే?"

ఈసారి జవాబు కోసం ఆగాల్సిన పని లేకపోయింది. "ఏడుస్తానండి," అంది సత్యవేణి. "బాగా ఏడ్చి, డ్యూటీకి వెళ్తాను."

మృణాళిని గొట్టాన్ని మెల్లగా లోపలికి జరిపింది. స్కాన్ తెర మీద చిన్న తెల్లటి చుక్క మెరిసి, ఉండాల్సిన చోట ఆగింది.

అది నిలిచింది. గుండె చప్పుడు వినిపించింది. పోయినసారి ఆగిపోయిన వారాలు దాటినా వినిపిస్తూనే ఉంది. రైల్వేవాళ్లు సత్యవేణికి ఇంజన్ మాన్పించి ఆఫీసులో పని ఇచ్చారు. అక్కడ ఆమె కొత్త అసిస్టెంట్లకు పాఠాలు చెప్పింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. మంచి బరువుతో, ఆసుపత్రి అంతా వినిపించేంత గట్టి గొంతుతో. సీతారత్నం మనవరాలిని ఎత్తుకుని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. ఎదురైన ప్రతి ఒక్కరికీ, తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ, పిల్ల మొహం చూపించింది. కాంపౌండర్‌కి రెండుసార్లు చూపించింది.

ఆ సందడి చూసి వచ్చి మృణాళిని గురువుగారి ఎదుట కూర్చుంది. "మేడమ్, ఆగినందుకే నిలిచిందంటారా?"

"అనను. ఆగకపోయినా నిలిచేదేమో. ఆగినా పోయేదేమో. మనసు కుదుటపడితే కడుపు పండుతుందని ఏ ఆడమనిషితోనూ అనకు. కడుపు పండనివాళ్లంతా తమ మనసుదే తప్పనుకుంటారు."

"మరి నేను మొదట అడిగినదానికి జవాబు? ఎప్పుడని దేన్ని బట్టి నిర్ణయించాలి?"

అహల్యాదేవి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నన్నెందుకమ్మా అడుగుతావు?" అన్నారు. "ఆ రోజు సత్యవేణి కూర్చున్న కుర్చీలో ఉన్నది నేను కాదుగా."