పదకొండు బలుసాకులు

చిన్న కథే, పిల్లలూ. కంచంలో అన్నం చల్లారేలోపు అయిపోతుంది. అనగనగా ఒక అడవిలో పొలుసయ్య అనే అలుగు ఉండేవాడు. ఒంటి నిండా పెంకుల్లాంటి పొలుసులు, చీమలే తిండి, భయమేస్తే బంతిలా చుట్టుకుపోవడమే ధైర్యం. అతడు ఒక మొక్కను గుండెకు హత్తుకుని మూడు రోజులు నడిచాడు. అంతే కథ.

కానీ ఎందుకు నడిచాడో చెప్పాలంటే ముందు ఆ అడవి సభ సంగతి చెప్పాలి. సభ సంగతి మొదలుపెడితే నెమలి గొప్పలు చెప్పాలి. సరే, అన్నం చల్లారితే చల్లారనీ.

ఆ అడవి నడిమధ్య ఒక నల్లబండ ఉండేది. ప్రతి పున్నమి నాటి పొద్దున అక్కడ సభ జరిగేది. ఆ అడవికి రాజు లేడు. ఏ పనికైనా ఓటు వేసి తేల్చుకోవడమే. "మాది ప్రజాస్వామ్యం!" అని నెమలి రోజుకు మూడుసార్లు అరిచేది, ఎవరూ అడక్కపోయినా సరే.

బండ చుట్టూ కాపురముండే వాళ్ళకు సభంటే ప్రాణం. ఉండదూ మరి? పంది బురదగుంట పూడిపోతే సభ తవ్వించింది. కోతికి నేరేడు చెట్టు మీద హక్కు సభే ఇచ్చింది. నెమలి ఆడుకోవడానికి నేల చదును చేయించింది. రేపు పెళ్ళాం అలిగితే బతిమాలడానికి కూడా సభే వస్తుందని ఆ నెమలి నమ్మకం.

ఓటంటే పచ్చి ఆకు. దానికి మూడు నియమాలు. ఎవరి నేలలో మొలిచిన ఆకే వాళ్ళ ఓటు. ఆకు పచ్చిగా ఉండాలి. ఇది కోతి ఒకసారి రాలిన ఆకుల్ని ఒడి నిండా పట్టుకొచ్చాక పెట్టిన నియమం. ఇంటికొక ఆకు చొప్పున ఎవరి చేతైనా పంపవచ్చు. ఇది పందికి నిద్ర లేవడం బరువైన ఏడాది పెట్టిన నియమం. ఇక ఏ తీర్మానమైనా వరుసగా మూడు పున్నములు నెగ్గితేనే చెల్లుతుంది. ఈ నియమాలన్నీ బండ పక్కన కూర్చుని రాసుకున్నవి కాబట్టి, బండ పక్కన కూర్చున్న వాళ్ళకు చక్కగా సరిపోయాయి.

పొలుసయ్య ఇల్లు మాత్రం అడవి అంచున, బోడిగుట్ట మీద. బండకు మూడు రోజుల నడక. గుట్ట మీద మొత్తం పదకొండు ఇళ్ళు. వాళ్ళలో సభను చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా సభ ఎంత దండగో మాత్రం అందరికీ క్షుణ్ణంగా తెలుసు.

ఆశ్వయుజ మాసంలో ఒక కాకి ఆ దారిన పోతూ చల్లగా చెప్పింది. "మీ వాగుకు బండ దగ్గర అడ్డకట్ట వేస్తారట. ఏనుగు పెద్దయ్య జలకాలాడటానికి మడుగు కావాలట. ఈ పున్నమికే మొదటి ఓటు."

ఆ వాగు నల్లబండ పక్క నుంచి పారి, బోడిగుట్ట కిందకు వస్తుంది. గుట్ట మీద పదకొండు ఇళ్ళకూ తాగడానికి ఆ నీళ్ళే. ఇంకో చుక్క లేదు.

"ఓటు వేయాలర్రా! లేకపోతే ఎండాకాలం నాలుక పిడచకట్టుకుపోతుంది," అన్నాడు పొలుసయ్య.

"ఓటట, ఓటు! నా చెవులు ఇంత పొడుగున్నాయి కదా, ఆ సభ మాట ఒక్కటైనా ఇంతవరకూ వినబడిందా?" అంది కుందేలు చెవులమ్మ.

"వాళ్ళూ వాళ్ళూ ఒకటేరా. మనం అరిచినా వినరు, ఏడ్చినా వినరు," అన్నాడు ఏదుపంది ముళ్ళన్న, వీపు గోక్కుంటూ.

"అరిచి చూశావా మావా ఎప్పుడైనా?"

"వినరని తెలిశాక అరవడం ఎందుకు?"

పొలుసయ్య ఇక వాళ్ళతో వాదించలేదు. గుట్ట మీద మొలిచే బలుసు చెట్టు నుంచి ఒక ఆకు కోసుకుని బయలుదేరాడు. మూడు రోజులు నడిచి బండ దగ్గరకు చేరేసరికి ఆకు అప్పడమైంది.

ఓట్లు లెక్కబెట్టేది కొంగ గుమాస్తా. అతడు ఒంటికాలి మీద నిలబడి ఆకును ముక్కుతో తిప్పి చూశాడు.

"ఎండుటాకు. చెల్లదు."

"అయ్యా, కోసినప్పుడు పచ్చిదే. మా గుట్ట దూరం..."

"దూరంగా కాపురం పెట్టమని సభ చెప్పిందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కట్టకు మొదటి పున్నమి నెగ్గింది. "గుట్టవాళ్ళకు ప్రజాస్వామ్యం మీద అభిమానం లేదు. చూడండి, ఎండుటాకులు తెస్తారు," అంది నెమలి.

రెండో పున్నమికి పొలుసయ్య ఆకును తడి మట్టిలో చుట్టి తెచ్చాడు. విప్పి చూస్తే అది నల్లగా కుళ్ళిపోయి ఉంది. గుమాస్తా ముక్కు ఇంకో పక్కకు తిప్పుకున్నాడు. కట్టకు రెండో పున్నమీ నెగ్గింది. ఇక ఒక్కటి మిగిలింది.

తిరిగి వెళ్ళేటప్పుడు పొలుసయ్య దారి పొడుగునా ఆలోచించాడు. గుట్ట ఎక్కగానే పగిలిన కుండ ఒకటి వెతికాడు. ఒక బలుసు మొక్కను వేళ్ళతో సహా తవ్వి, గుట్ట మట్టితో కుండలో నాటాడు. లేత ఆకులు లెక్కపెడితే ఇంటికొకటి సరిపోయేలా ఉన్నాయి.

"మీరూ రండి. అందరం కలిసి వెళ్దాం," అని గడప గడపకూ వెళ్ళి అడిగాడు.

"మూడు రోజులా! పోయేటప్పుడు మూడు, వచ్చేటప్పుడు మూడు! నా ఆకు కూడా నువ్వే వేసెయ్ అన్నా," అంది చెవులమ్మ.

"నాది కూడా. ఎటు వేస్తావో నాకు చెప్పక్కర్లేదు, నిద్ర చెడుతుంది," అన్నాడు ముళ్ళన్న. మిగతా ఇళ్ళ వాళ్ళు ఆ మాత్రం కూడా మాట్లాడలేదు, పడుకునే తల ఊపారు.

అలుగు రెండు కాళ్ళ మీద నడవగలదు కదా. పొలుసయ్య ముందు కాళ్ళతో కుండను హత్తుకుని, తోకతో తూకం చూసుకుంటూ నడిచాడు. వాగు కనబడినప్పుడల్లా మొక్కకు దోసెడు నీళ్ళు పోశాడు. తను మాత్రం దారిలో చీమల పుట్ట కనబడినా ఆగలేదు. మూడో పున్నమి పొద్దున, సభ ముగిసే వేళకు బండ ఎక్కాడు.

బండ మీద కొంగ, పంది, మరికొందరు తప్ప ఎవరూ లేరు. సభను ప్రాణంగా ప్రేమించే వాళ్ళంతా ఇంటి దగ్గరే ఉన్నారు. పక్కనే కదా, తర్వాత వెళ్ళొచ్చని కోతి నేరేడు చెట్టెక్కింది. నెగ్గేదే కదా, మనం వెళ్ళకపోతే ఏమని నెమలి ఈకలు దువ్వుకుంటూ కూర్చుంది. జలకాలాడవలసిన ఏనుగు పెద్దయ్య కూడా కలలోనే ఆడుతున్నాడు.

పొలుసయ్య కొంగ కళ్ళముందే మొక్క నుంచి పదకొండు ఆకులు కోసి ఇచ్చాడు. తుంచిన చోట ఇంకా తడి ఆరనంత తాజాగా ఉన్నాయి. గుమాస్తా నియమాలు మూడుసార్లు తలచుకున్నాడు. తప్పు దొరకలేదు.

"కట్ట కావాలన్నవి తొమ్మిది. వద్దన్నవి పదకొండు. తీర్మానం ఓడిపోయింది," అన్నాడు, రెండో కాలు కూడా కింద పెట్టి.

మధ్యాహ్నానికి బండ చుట్టూ గగ్గోలు. "ప్రజాస్వామ్యం చచ్చిపోయింది!" అంది ఓటు వేయని నెమలి. "ఎప్పుడూ ముఖం చూపించని వాళ్ళు మన వాగు సంగతి తేలుస్తారా?" అంది ఓటు వేయని కోతి. "ఇక ఈ బండ ఎక్కితే నా తొండం కోయించుకుంటాను," అన్నాడు పెద్దయ్య. అందరూ అలిగి, మళ్ళీ సభ ముఖం చూడమని ఒట్టు పెట్టుకున్నారు. ఇంతకుముందు వాళ్ళకున్న ప్రేమ ఎంత దూరానిదో తెలుసా పిల్లలూ? ఒక్క ఓటమి దూరం.

గుట్ట మీద మాత్రం పండగేమీ జరగలేదు. "వాగు వస్తోందా? ఎప్పుడూ వచ్చేదే కదా," అంది చెవులమ్మ నీళ్ళు తాగుతూ. "నువ్వు అంత దూరం పోకపోయినా వచ్చేదేలేరా," అన్నాడు ముళ్ళన్న.

"పై పున్నమికి మళ్ళీ ఎవరైనా కట్ట మాట ఎత్తుతారేమో మావా. ఈసారి నువ్వు వెళ్ళరాదూ?"

"మళ్ళీ నడకెందుకు? ఆ మొక్క తీసుకెళ్ళి అక్కడే నాటెయ్. మా ఆకులు అక్కడే ఉంటాయి, నువ్వూ అక్కడే ఉండు. తెలిసినవాడివి, నువ్వే చూసుకో."

పదిళ్ళ వాళ్ళూ ఇది చాలా తెలివైన ఏర్పాటు అన్నారు. పొలుసయ్య వెళ్ళి బలుసు మొక్కను నల్లబండ పక్కన, గుట్ట మట్టితో సహా నాటాడు. దాని పక్కనే బొరియ తవ్వుకున్నాడు. అక్కడ చీమల పుట్టలు అడుగుకొకటి. మొదటి నెల గుట్ట గుర్తొచ్చి రోజూ అటువైపు చూసేవాడు. రెండో నెల పున్నమికి మాత్రమే చూశాడు. సభకు అతడొక్కడే వచ్చేవాడు, కాబట్టి సభాపతి కూడా అతడే అయ్యాడు.

మాఘం వెళ్ళేసరికి ఎండలు ముదిరాయి. వాగు సన్నబడింది. బలుసు మొక్క ఆకులు వాలిపోయాయి. పొలుసయ్యకు కంగారు పుట్టింది.

అప్పుడు ఏనుగు పెద్దయ్య వచ్చాడు. బండ ఎక్కకుండా కింద నిలబడే మాట్లాడాడు. "సభాపతిగారూ, గుట్టవాళ్ళ ఓట్లు ఎండిపోతున్నాయండీ. చూస్తే కడుపు తరుక్కుపోతోంది. వాగుకు చిన్న కట్ట వేస్తే తేమ మొక్క వేళ్ళ దాకా వస్తుంది."

"గుట్టకు నీళ్ళు?"

"ఓట్లుంటేనే కదండీ గుట్ట ఉన్నట్టు."

పొలుసయ్య గుట్ట వైపు చూశాడు. మూడు రోజుల దూరంలో ఉంది. అక్కడి దాహం బండ దగ్గర నుంచి కనబడలేదు. మొక్క మాత్రం జానెడు దూరంలో వాడిపోతూ కనబడింది.

ఫాల్గుణ పున్నమికి ఓటు పెట్టారు. చైత్రానికి పెట్టారు. వైశాఖానికి పెట్టారు. ప్రతిసారీ పొలుసయ్య పదకొండు ఆకులు కోశాడు. ప్రతిసారీ మొక్క మళ్ళీ చిగురించింది. కట్ట కావాలన్నవి పదకొండు, వద్దన్నవి సున్నా అని కొంగ గుమాస్తా మూడుసార్లూ ప్రకటించాడు.

వైశాఖం ముగిసేలోపు వాగుకు కట్ట పడింది. గుట్ట మీద పదిళ్ళ వాళ్ళు పది దారుల్లో వలసపోయారు. బలుసు మొక్క ఏపుగా పెరిగింది.

నీతి: దూరమని ఒకడు, పక్కనే కదా అని ఇంకొకడు తన ఓటు తాను మోయకపోతే, ఆ ఓటుతోనే వాడి నీళ్ళు ఆపేస్తారు.