సాంబ్రాణి పట్టిన శాలువా

ఆ గురువారం ఓబులేశు దర్గాకు వెనక వాకిలి నుంచి వచ్చాడు. ముందు వాకిట్లో దస్తగిరి పెళ్ళాం కూర్చుని ఉంది. ఆమె కంట పడే ధైర్యం అతనికి లేకపోయింది.

దస్తగిరి లారీ డ్రైవరు. రోడ్డు దాటుతున్న బడిపిల్లను గుద్దేశాడు, పిల్ల అక్కడికక్కడే పోయింది. అతని రక్తం ఓబులేశు పనిచేసే ల్యాబుకొచ్చింది. పరీక్ష చేస్తే గంజాయి తేలింది.

"ఎప్పుడు తాగాడు?" అని కోర్టులో అడిగితే ఓబులేశు తడుముకోలేదు. "లారీ ఎక్కే ముందే. రెండు గంటల లోపు," అన్నాడు. ల్యాబులో అతని మాటకు తిరుగుండేది కాదు మరి.

బోనులో దస్తగిరి మొత్తుకున్నాడు. "రోజూ తాగేవాణ్ణే సామీ, కాదనను. రెండ్రోజులుగా మాత్రం ముట్టలేదు."

గంజాయి తాగేవాడి మాట ఎవడు నమ్ముతాడు? జైలుకు పంపారు. మొన్న అక్కడే ఉరేసుకున్నాడు. మత్తులో పిల్లను చంపినోడి పెళ్ళామని, ఆమెను బాడుగింట్లోంచి వెళ్ళగొట్టారు. అప్పట్నుంచి దర్గా వాకిలే ఆమెకు దిక్కయింది.

లోపల, దర్గా చూసుకునే ఖాదర్‌షా తాత ధూపం ముందు కూర్చుని ఉన్నాడు. ఓబులేశు చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గరే మంచీ చెడూ నేర్చుకున్నాడు, గురువారం గురువారం ఆ ధూపం పట్టేదీ అతనే.

"తాతా, రక్తం అబద్ధమాడదు గదా?"

తాత చెయ్యి చాపాడు. "నీ భుజం మీది తువ్వాలు ఇటియ్యి," అన్నాడు. నిప్పుల మీద ఇంత సాంబ్రాణి చల్లాడు. "కండ్లు మూసుకో."

కాసేపటికి ఓబులేశు ముక్కు దగ్గరికి ఒక గుడ్డ వచ్చింది.

"దీనికి పొగ ఎప్పుడు పట్టిందో చెప్పు."

గుప్పున కొట్టింది వాసన. ఈ మాత్రం తనకు తెలీదా అనుకున్నాడు. "ఇప్పుడే తాతా. ఇంకా ఘాటుగా ఉంది."

ఇంకో గుడ్డ వచ్చింది. వాసన ఉందా లేదా అన్నట్టుంది.

"ఇది పాతది. పోయిన వారానిదేమో."

"కండ్లు తెరువు."

మొదటిది తాత శాలువా. ఏళ్ళ తరబడి ఆ పొగలోనే బతికిన శాలువా. "పోయిన గురువారమే ఉతికి పెట్టెలో పెట్టినా. ఇప్పుడే తీసినా," అన్నాడు తాత. రెండోది ఓబులేశు కొత్త తువ్వాలే. అతను కళ్ళు మూసుకున్నాకే తాత దాన్ని పొగ మీద ఒకసారి ఆడించాడు.

ఓబులేశు రెండింటినీ చేతుల్లోకి తీసుకుని మళ్ళీ వాసన చూశాడు.

"పొగ పట్టిందని గుడ్డ చెప్పింది నాయనా," అన్నాడు తాత. "ఎప్పుడు పట్టిందో నువ్వు చెప్పినావు."

ఓబులేశు ఈ సంగతి చదవక కాదు, చదివాడు. రోజూ తాగేవాడి కొవ్వులోకి గంజాయి ఇంకిపోతుంది. మానేసినా రోజుల తరబడి రక్తంలోకి ఊరుతూనే ఉంటుంది. అంతమందిలో 'చెప్పలేను' అనడానికి నామోషీ పడ్డాడు, అంతే. ఆ నామోషీకి ఒక ప్రాణం పోయింది.

"కోర్టుకు పోయి చెప్తా తాతా. కానీ చచ్చినోడు తిరిగొస్తాడా?"

"రాడు," అన్నాడు తాత. శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆమె ఇంకా వాకిట్లోనే ఉంది."

ఓబులేశు లేచి ముందు వాకిలి వైపు నడిచాడు. అతని చెప్పులు వెనక గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.