అద్దె యంత్రం, అరచేతి అచ్చు

అది కరువు సంవత్సరం. కోట గాదెల్లో గింజలున్నాయి గానీ అచ్చువేసిన చీటీ ఉన్నవాళ్లకే కొలుస్తారు. దివాను వీరరాఘవయ్యగారు రేవు షావుకారు దగ్గర ఏనుగంత అచ్చుయంత్రం అద్దెకు తెచ్చి, దాని మీద అచ్చుకాని ఏ కాగితమూ చెల్లదని చాటింపు వేయించారు. అది విరిగి ఇరవై రోజులైంది. షావుకారు మనిషి తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వేయకూడదని అద్దె షరతు. ఆ మనిషి జాడ లేదు.

చీరల అద్దకానికి చెక్క అచ్చులు చెక్కే నాంచారమ్మ ఇంట్లో అత్త ఆకలితో మంచం పట్టింది.

"చీటీలకు చిన్న అచ్చులు నేను చెక్కి ఇస్తాను దొరా, ఊరికొకటి కొనుక్కోండి" అని ఆమె మొరపెట్టుకుంటే దివాను నవ్వారు.

"ఓసి పిచ్చిదానా, రాజముద్రంటే నీ చీర అంచనుకున్నావా? చెల్లదు పో!"

"చిత్తం" అని నాంచారమ్మ తిన్నగా గాదె కాపలా భటుల దగ్గరికి పోయింది. వాళ్ల పహరా హుకుం వారం వారం కొత్తగా అచ్చువేసి ఇవ్వాలి.

"నాయనా, మీ హుకుం గడువు తీరి రెండు వారాలైందే! హుకుం లేకుండా గాదె చుట్టూ తిరిగేవాణ్ణి దొంగంటారు కదా?"

భటులు మొహమొహాలు చూసుకుని ఇళ్లకు బయల్దేరారు. దివాను పరుగున వచ్చారు.

"ఒసే, ముందు పహరా హుకుం చెక్కవే!"

"అలాగే దొరా. నా చెక్క భటులకు చెల్లితే జనానికీ చెల్లాలి మరి."

కాపలా లేని గాదె వంక చూసి దివాను తల ఊపారు.

మర్నాటికల్లా చీటీలు పంచారు. నాంచారమ్మ ఇద్దరికని చీటీ పుచ్చుకుని ఇంటికి పరుగెత్తింది. అంతలోనే తిరిగొచ్చి దాన్ని దివాను ముందు పెట్టింది.

"ఒకరివే కొలిపించండి దొరా. అత్తకు అక్కర్లేదిక."