దుంగమ్మ తల్లి దగ్గర ఏదీ విప్పరాదు

గుమ్మలకోన ఘాట్ దారిలో సగం దూరం దిగాక, రోడ్డు చదునుగా కనిపించేచోట దుంగమ్మ తల్లి గుడి ఉంది. లోపల విగ్రహం ఉండదు. ఒక పక్క అరిగిపోయిన మద్దిదుంగ, దానికి పసుపు, వెండి కళ్లు. ఇక్కడ చెప్పులు విడవకూడదు. మోటారుసైకిలు మీద వచ్చినవారు హెల్మెట్ తియ్యకుండానే దండం పెడతారు. పూజారమ్మ బొట్టు కూడా హెల్మెట్‌కే పెడుతుంది. కొత్తవారు వింతపడతారు కనుక ఆ కథ చెబుతున్నాం.

పూర్వం ఇక్కడ కొండమీది సంతనుంచి పసుపు బస్తాలు ఎడ్లబళ్లలో దిగేవి. బండి ఎడ్లమీదికి తోసుకురాకుండా వెనక ఒక దుంగ కట్టి ఈడ్పించేవారు. సాయంత్రం కింద మజిలీలో ఆ దుంగే వంటచెరకు. చివరిదాకా ఈడిస్తే అది అరిగి, మట్టిపట్టి పొయ్యికి పనికిరాదు. అందుకని ఈ చోటికి రాగానే దిగుడు అయిపోయిందనుకుని దుంగ విప్పి బండిలో వేసుకునేవారు. నిజానికి ఇది చదును కాదు. అప్పటిదాకా నిట్టదిగుడు చూసిన కళ్లకు అలా అనిపిస్తుంది. కింది మలుపులో ఎన్నో బళ్లు లోయలో పడ్డాయి. అక్కడ దయ్యముందని చెప్పుకునేవారు.

బండి తోలే అసిరయ్య భార్య పైడమ్మ. ఆమె మరిది ఆ మలుపులోనే పోయాడు. పెనిమిటికీ అదే గతి పడుతుందేమోనని బెంగపెట్టుకుని ఒక ఏడు తానూ వెంట బయలుదేరింది. కొండమీద తెల్లవారుజామున, వీపంతా గీరుకుపోయిన ముసలమ్మ ఆమెకు కలలో కనిపించింది. "నా వీపు అరిగితే అరగనీ. కిందికి చేరేదాకా నన్ను విప్పకండి" అంది. లేస్తూనే కలలు మరిచిపోయే మనిషి పైడమ్మ. ఈ మాట కూడా జారిపోతుందేమోనన్న భయంతో, కళ్లు పూర్తిగా తెరవకముందే కొంగుకు ముడి వేసుకుంది.

ఈ చోటికి వచ్చాక అసిరయ్య బండి ఆపి తాడు విప్పబోయాడు. పైడమ్మ చేతికి కొంగుముడి తగిలింది. దుంగ చూస్తే ముసలమ్మ వీపులాగే ఉంది. వెళ్లి దానిమీద కూర్చుంది.

"లెగే. దుంగ ఇప్పాల."

"ఇప్పకు మావా. కిందికెల్లేక ఇప్పుదువు."

"అయితే పొయ్యిలో నీ కాళ్లెడతావేటి?"

వెనకబండి కూర్మయ్య పకపకా నవ్వాడు. "అసిరన్నా, దుంగ సాల్లేదని పెళ్లాన్ని కూడా కట్టేసినావేటి?"

"బావా, నువ్వూ ఇప్పకు" అంది పైడమ్మ. అతడు వినలేదు. తన దుంగ విప్పుకుని ముందుకు పోయాడు. అసిరయ్య ఎంత కసిరినా పైడమ్మ లేవలేదు. చివరికి విసుగెత్తి, దుంగతోనే తోలుతానని ఒప్పుకున్నాడు.

మలుపులో అసిరయ్య ఎడ్ల కాళ్లు జారాయి. బండి అంచుదాకా వెళ్లింది. వెనక దుంగ రాతికి అడ్డుపడి ఆపింది. కిందికి చూస్తే, ముందుపోయిన కూర్మయ్య బండి పడి లోయంతా పసుపు చల్లినట్టుంది. కూర్మయ్య కాలు విరిగి ఒక చెట్టువేరు పట్టుకుని వేలాడుతున్నాడు. బస్తాలు కట్టిన మోకు దించి అతణ్ణి పైకి లాగారు. ఆ సాయంత్రం మజిలీలో పొయ్యి వెలగలేదు. అటుకులు నానబెట్టుకు తిన్నారు. మర్నాడు అసిరయ్యే దుంగను భుజాన మోసుకొచ్చి ఇక్కడ నిలిపాడు. తల్లి ముందు ఏదీ విప్పకూడదన్న కట్టుబాటు ఆనాటిదే.

ఇప్పుడు ఎడ్లబళ్లు లేవు. అయినా ఈ చోటు చూడగానే ఘాట్ అయిపోయిందనుకుని, పెట్రోలు మిగులుతుందని గేరు తీసి ఇంజను ఆపేసేవారున్నారు. హెల్మెట్ తీసి మోచేతికి తగిలించుకుంటారు. అప్పుడు బండిని పట్టి ఉంచేది బ్రేకు ఒక్కటే. అది వేడెక్కితే పట్టదు. ఈ కాలానికి గేరే దుంగ. అందుకే పైడమ్మ వంశపు కోడలైన పూజారమ్మ ప్రతివారినీ అడుగుతుంది.

"గేరులోనే దిగుతావు కదా నాయనా?"

"రెండో గేరులోనేనమ్మా."

"ఈయన మాట నమ్మకండి పిన్నిగారూ, ఇందాక పైన ఇంజను ఆపేశారు" అంటుంది వెనక కూర్చున్న ఇల్లాలు.

"అయితే తాళంచెవి మీద నువ్వో కన్నేసి ఉంచు తల్లీ."

ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. తల్లికి చూపించి వెంట తీసుకుపోతారు. మలుపు దాటి, ఘాట్ అడుగున బండి ఆపి, హెల్మెట్ తీసి, అక్కడి రాతిమీద కొడతారు. అలా దిగినవారిని తల్లి ఇంటిదాకా కాస్తుందని నమ్మకం. సాయంత్రం ఆఖరి బండి దిగిపోయాక కూడా పూజారమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది. కింద కాయ పగిలిన చప్పుడు వినిపించాకే గుడి తలుపు వేస్తుంది.