మార్తమ్మ టీచరు పొదిగిన బాతుగుడ్లు

కాలవగట్టు పక్కన చర్చి, చర్చి వెనక మనుషుల పిల్లల బడి, బడి గోడకి ఆనుకుని పాస్టరుగారి పశువుల పాక. ఆ పాకలోనే జంతువుల పిల్లలకి ఇంకో బడి నడిచేది. రెండు బళ్లకీ గంట ఒకటే. అక్కడ గంట కొడితే ఇక్కడ దూడలూ, మేకపిల్లలూ, కోడిపిల్లలూ పరుగెత్తుకొచ్చి గడ్డి మీద కూర్చునేవి. అక్కడ సెలవులిస్తే ఇక్కడా సెలవులే.

బడికి పెద్ద ఏలియా మేష్టారు. ముసలి ఎద్దు, నిదానస్తుడు. పొద్దున ఒక మాట అడిగితే దాన్ని నెమరేసి నెమరేసి సాయంత్రానికి జవాబు చెప్పేవాడు. చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పేది మార్తమ్మ టీచరు. ఎర్రకోడిపెట్ట. దుమ్ములో కాలిగోటితో ఆమె 'అ' రాస్తే అచ్చు పోసినట్టుండేది. ఆమె మాటంటే ఆ దొడ్డి మొత్తానికి గురి.

ఈస్టర్ సెలవులు ముగిసి సోమవారం పొద్దున పిల్లలు పాకలోకి వచ్చేసరికి టీచరు నిలబడి లేదు. మూల గంపలో రెక్కలు పరుచుకుని కూర్చుని ఉంది.

"సద్దు చేయకండి. కింద గుడ్లున్నాయి," అంది.

అవి ఆమె గుడ్లు కావు. రాహేలనే బాతువి. రాహేలుకి గుడ్డు పెట్టడమే వచ్చు, పొదగడం చేతకాదు. గట్టు మీద ఒకటి, తుంగలో ఒకటి పెట్టి మరిచిపోయే మనిషి. నిరుడు పెట్టినవన్నీ ఎటుపోయినవి అటే పోయాయి, ఒక్క పిల్లా దక్కలేదు. అందుకే ఈసారి సెలవుల్లో టీచరు దగ్గరకొచ్చి బతిమాలుకుంది.

"వదినా, నీ కడుపు కింద పెట్టుకో. ఒక్క పిల్లయినా నా వెనక నీళ్లలోకి దిగితే చూడాలనుంది."

"ఇంతదానికి అంతగా అడగాలా," అని టీచరు గుడ్లన్నీ గంపకెత్తుకుంది.

పిల్లలందరూ గంప చుట్టూ మూగారు. అందరికన్నా ముందుకొచ్చింది యోనా, ముంగిస పిల్లాడు. వాళ్లమ్మ రూతు పాములు రాకుండా దొడ్డికి కాపలా కాస్తుంది కాబట్టి, గడ్డివాము పక్కన వాళ్లిద్దరినీ ఉండనిచ్చారు. యోనాని బడిలో చేర్చుకుంది ఆ ఏడాదే.

"టీచరుగారూ, లోపల పిల్ల ఉందా? ఒకసారి వినొచ్చా?"

టీచరు కాస్త పక్కకి జరిగింది. యోనా ఒక గుడ్డు మీద చెవి ఆనించి చాలాసేపు కదలకుండా ఉన్నాడు. ఆ రోజంతా కనపడినవాళ్లందరికీ అదే చెప్పాడు, లోపల ఎవరో టిక్కు టిక్కుమంటున్నారని.

మంగళవారం మధ్యాహ్నం గంట అయ్యాక పిల్లలు తిరిగొచ్చేసరికి టీచరు గంప బయట నిలబడి ఉంది.

"ఒక గుడ్డు లేదు," అంది.

కబురు విని రాహేలు కాలవలోంచి నీళ్లోడుతూ పరుగెత్తుకొచ్చింది. "లేకపోవడమేంటి వదినా?"

"నాలుగు గింజలు తినొద్దామని వెళ్లాను. వచ్చేసరికి లేదు."

సలోమి మేక అక్కడే ఉంది. తన ముగ్గురు పిల్లలూ ఆ బడిలోనే చదువుతున్నారని, బడి పెత్తనం సగం తనదే అనుకుంటుంది. "నిన్న గుడ్లు ముట్టుకున్నదెవరు?" అంది.

అందరి కళ్లూ ఒకేవైపు తిరిగాయి.

"నేను తినలేదు," అన్నాడు యోనా.

"తిన్నావని ఎవరన్నార్రా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే," అంది సలోమి.

రాహేలు టీచరు వైపు తిరిగింది. "నువ్వు చెప్పు వదినా. వీడేనా?"

మార్తమ్మ టీచరు నేలచూపులు చూస్తూ గోటితో దుమ్ము గీరింది. "నేను చూళ్లేదు," అంది. ఇంకోసారి గీరి, "ముంగిసలకి గుడ్డంటే ప్రాణమని ఎవరికి తెలీదు," అంది.

అంతే అంది. ఆ మాట చాలు. యోనా నోరు తెరిచి టీచరు ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఇంకెవరైనా అనుంటే ఎదురు చెప్పేవాడే.

బుధవారం ఇంకో గుడ్డు పోయింది. గురువారం ఇంకోటి. యోనా పక్కన కూర్చునే దూడ లేచి వెళ్లి వెనక కూర్చుంది. మేకపిల్లలు వాణ్ణి చూడగానే "గుడ్లదొంగ" అని పాట కట్టాయి. టీచరు విని కూడా విననట్టు అక్షరాలు దిద్దించింది.

గురువారం సాయంత్రం తల్లులంతా ఏలియా మేష్టారి గాడి దగ్గర చేరారు. సలోమి ముందు నిలబడింది.

"ముంగిసలు ఇక్కడ ఉండాలో, మా పిల్లలు చదువుకోవాలో తేల్చండి మేష్టారూ."

మేష్టారు నెమరు ఆపలేదు. "రేపు తేలుద్దాం," అన్నాడు.

రూతు ఆ మాట విని గడ్డివాము దగ్గరికి వెళ్లి కొడుకుని ఎదురుగా నిలబెట్టుకుంది.

"తిన్నావా?"

"లేదమ్మా."

"తింటే తిన్నానని చెప్పు. కొట్టను. పొద్దున్నే ఇద్దరం వెళ్లిపోదాం."

"లోపల పిల్ల ఉందమ్మా. నేను విన్నాను. విన్నాక ఎలా తింటాను?"

రూతు తిన్నగా కాలవగట్టుకి పోయి, రాహేలు ఎప్పటిలాగే తుంగలో పెట్టి మరిచిపోయిన గుడ్డు ఒకటి వెతికి పట్టుకుంది. పంటితో దానికి సన్నగా బెజ్జం చేసి లోపలిదంతా నేల మీద ఒంపేసింది, ఒక్క చుక్క నాలుక మీద పడనివ్వలేదు. పాస్టరమ్మగారు పండగ తెల్లబట్టలకి నీలం పెట్టిన డబ్బా పెరట్లోనే ఉంది, అడుగున చిక్కటి నీలం మిగిలి ఉంది. గుడ్డు నిండా అది పోసి, అన్నం మెతుకుతో బెజ్జం మూసి, మేష్టారి దగ్గరికి తెచ్చింది.

"దీన్ని గంపలో పెడదాం మేష్టారూ. తిన్న నోరు తెలిసిపోతుంది. నా కొడుకు నోరే అయితే మమ్మల్ని మీరు పొమ్మనక్కర్లేదు."

మేష్టారు ఈసారి నెమరేస్తూ కూర్చోలేదు. "ఇంకెవరి నోరైనా అయితే?" అన్నాడు.

"ఏ పందికొక్కో, గట్టవతలి నక్కో అయి ఉంటుంది. ఎవరైనా కానీండి."

టీచరు నీళ్లు తాగడానికి తొట్టి దగ్గరికి వెళ్లినప్పుడు, మేష్టారు చూస్తుండగా రూతు ఆ గుడ్డుని మిగతా గుడ్ల పైన, ముందుగా అందేలా పెట్టింది. వాళ్లిద్దరి మనసుల్లోనూ ఆ దొంగకి నాలుగు కాళ్లే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నుంచీ మేష్టారు యోనాని తన ముందరి కాళ్ల దగ్గరే కూర్చోబెట్టుకున్నాడు. మధ్యాహ్నం గంట మోగినా వదల్లేదు. సలోమి చూసింది, తల్లులందరూ చూశారు. పాకలో టీచరొక్కతే ఉంది.

మళ్లీ గంట అయింది. పిల్లలు పాక ముందు వరస కట్టారు. మార్తమ్మ టీచరు గడప దాటి వచ్చింది.

"ఇంకో గుడ్డు పోయింది," అంది.

పిల్లలూ తల్లులూ ఆమెనే చూస్తున్నారు. ఆమె ముక్కు నీలం. ముక్కు చుట్టూ ఈకలు నీలం. మెడ కింద, రొమ్ము మీద నీలం చారలు కారి ఆరిపోయి ఉన్నాయి.

"వింటున్నారా? ఇంకో గుడ్డు పోయిందంటున్నాను. చూడండి, ఈ ముంగిస..." అంటూ ఆమె తల తిప్పింది. యోనా మేష్టారి కాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు.

ఒక చిన్న దూడకి నవ్వొచ్చింది. "టీచరుగారూ, మీ ముక్కేంటి, నీలంగా ఉంది?"

"ఏ ముక్కు?"

ఇంకో ఇద్దరు పిల్లలు నవ్వబోయి పెద్దవాళ్ల ముఖాలు చూసి ఆగిపోయారు. రూతు తల పక్కకి తిప్పుకుంది. కొడుకుని కాపాడుకోవాలనుకుంది గాని, ఇది చూడాలనుకోలేదు.

మేష్టారు నెమ్మదిగా లేచి నీళ్లతొట్టి వైపు తల ఊపాడు. టీచరు వెళ్లి నీళ్లలోకి తొంగిచూసింది.

"చేదుగా ఉంది. మురిగిన గుడ్డేమో అనుకున్నాను," అంది, నీళ్లతో చెబుతున్నట్టు.

"వదినా," అంది రాహేలు.

టీచరు తల ఎత్తకుండానే చెప్పింది. "మంగళవారం గింజలకని దిగుతుంటే నా కాలే తగిలి చిట్లింది. పొదగడంలో నాకు పేరుంది గదా. నీకేమని చెప్పను? ఆనవాలు ఉండకూడదని పెంకుతో సహా తినేశాను. అప్పటికి అంతే. మర్నాడు మళ్లీ నోరూరింది. రేపు మానేద్దాం, రేపు మానేద్దాం అనుకున్నాను."

"మరి నా కొడుకో?" అంది రూతు.

"నేను పేరు పెట్టి చెప్పలేదు. అందరూ వాడినే అన్నారు. అనుకోనీలే అని ఊరుకున్నాను."

"కంచే చేను మేస్తే..." అని మొదలుపెట్టిన సలోమి, పాట కట్టింది తన పిల్లలేనని గుర్తొచ్చి మిగతాది మింగేసింది.

రాహేలు గంప దగ్గరికి నడిచింది. లోపల ఇంకా రెండు మూడు గుడ్లు ఉన్నాయి. "పగిలిందని ఆ రోజే చెప్పుంటే ఏడ్చేదాన్ని వదినా," అంది. "ఏడ్చి, మిగతావి మళ్లీ నీ దగ్గరే పెట్టేదాన్ని."

రాహేలు గంపలోకి ఎక్కి, చేతకాని కడుపుతోనే గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. ఎలా కూర్చోవాలో తెలియక అటూ ఇటూ కదులుతుంటే యోనా వెళ్లి కింద గడ్డి ఎగదోశాడు.

మార్తమ్మ టీచరు పిల్లల వరస పక్కనుంచి బయటికి నడిచింది. ఎవరూ దారికి అడ్డం రాలేదు. దొడ్డి చివర దుమ్ములో ముక్కు రుద్దుకుంటూ చీకటి పడేదాకా ఉండిపోయింది. నీలం అంత తొందరగా పోయేది కాదు.

పక్కవాడి నెత్తిన తప్పు రుద్దేవాడి ముఖం ఎలా ఉందో లోకమంతటికీ కనిపిస్తుంది, వాడికొక్కడికే కనిపించదు.