ఏరు దాటిన కూత

అనగనగా ఒక అడవిలో ఒక కాలేజీ ఉండేది. అడవిలో కాలేజీ ఏమిటని నవ్వకండి. మనుషులకేనా ఏం, కాలేజీలు? ఆ అడవి పేరు తంగేడుకోన. దానికి ఎదురుగా, ఏటికి అవతలి ఒడ్డున, ఇప్పలబయలు అని ఇంకో అడవి ఉండేది. అక్కడా ఒక కాలేజీ ఉండేది. వాటిలో ఏం చదువులు చెప్పేవారో నన్నడక్కండి. చదివినవాళ్లకే సరిగ్గా గుర్తుండేది కాదు. కానీ ఏడాదికోసారి ఆ రెండు కాలేజీల మధ్య జరిగే ఫుట్‌బాల్ ఆట మాత్రం అందరికీ గుర్తుండేది. ఏనుగులను మాత్రం ఆడనిచ్చేవారు కాదు. ఒకసారి ఆడనిస్తే బంతిని తొక్కి అప్పడం చేశాయి.

తంగేడుకోనలో కేకారావని ఒక నక్క ఉండేవాడు. అతనికి ఆట రాదు. తన్నబోతే బంతి ఉన్నచోటే ఉండేది, అతనే దొర్లిపోయేవాడు. కానీ గొంతు ఉంది చూశారూ, అది కంచు! ఆటగాళ్ల వెంట వెళ్లి అరిచే గుంపుకి అతనే పెద్ద. అతను మొదలుపెడితేనే మిగతావాళ్లు అందుకునేవారు. తంగేడుకోన వాళ్లకంటూ ఒక కూత ఉంది. మూడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత.

"ఊ! ఊ! ఊ! ఊఊఊఊఊ!"

కూత ఘనంగానే ఉండేది గానీ, గెలుపే ఉండేది కాదు పాపం. తంగేడుకోన వాళ్లు గెలిచి ఎంత కాలమైందంటే, ఆ గెలుపు చూసినవాళ్లలో ఈ ఒడ్డున కేకారావు వాళ్ల మామ్మ ఒక్కతే మిగిలింది. చూడటమేమిటి, ఆ రోజు గెలుపు గోలు కొట్టింది ఆవిడే!

ఈసారి ఆట ఇప్పలబయల్లో. బయల్దేరే ముందు కేకారావు మామ్మ కాళ్లకు దండం పెట్టాడు.

"నన్నూ తీసుకుపోరా," అంది మామ్మ.

"ఏరు పోటు మీదుంది మామ్మా. తాబేలు వీపు మీద నువ్వు కుదురుగా కూర్చోలేవు."

మామ్మ మెల్లగా అంది. "సరే. సాయంత్రం మన ఒడ్డున బండ మీద కూర్చుంటాను. గెలిస్తే అవతలి ఒడ్డుకొచ్చి మన కూత కూయండి. ఓడితే వద్దు. పొద్దుగూకేదాకా చూసి ఇంటికి పోతాను. వచ్చే ఏడాది ఆటకి నేనుంటానో లేదో. ఆ కూత ఒక్కసారి చెవిన పడితే చాలురా అబ్బాయ్."

"పడుతుంది మామ్మా. పూచీ నాది!" అన్నాడు కేకారావు. ఆటగాళ్లు కూడా ఇవ్వని మాట ఇతనిచ్చేశాడు. తన్నేది తను కాదుగా మరి!

తాబేళ్లు అందరినీ ఏరు దాటించాయి. "చీకటి పడ్డాక మాత్రం మేం రాం. రేపు పొద్దున్నే మళ్లీ వస్తాం," అని గట్టిగా చెప్పి వెళ్లిపోయాయి.

ఆట మొదలైంది. ఇప్పలబయలు గోల్‌కీపర్ పొలుసమ్మ అనే అలుగు. అలుగంటే తెలుసుగా? ఒళ్లంతా పొలుసులుండి, భయమేస్తే ఉండలా చుట్టుకుపోయే జంతువు. కానీ ఆ రోజు పొలుసమ్మ భయపడలేదు. కుడివైపు వచ్చిన బంతిని తోకతో కొట్టింది. ఎడమవైపు వచ్చినదాన్ని పంజాతో ఆపింది. నెత్తి మీదుగా వచ్చినదాన్ని ఎగిరి పట్టేసింది. ఆట ముగియబోతోంది. రెండు జట్లకీ ఒక్క గోలూ లేదు.

అప్పుడు తంగేడుకోన కుందేలు ఒక్క తన్ను తన్నింది. బంతి సూటిగా పొలుసమ్మ ముఖం మీదికి వచ్చింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, పుట్టుకతో వచ్చిన అలవాటు గెలిచింది. పొలుసమ్మ చటుక్కున చుట్టుకుపోయింది. అసలు బంతి ఒకటి, పొలుసమ్మ ఇంకో బంతి. రెండూ కలిసి గోల్లోకి దొర్లాయి.

రిఫరీ కొంగ ఈల ఊదింది. ఆట అయిపోయింది.

ఇక చూడండి సంబరం! కేకారావు ఎగిరి గంతేశాడు. "గెలిచాం! గెలిచాం!" అని గొంతెత్తి కూత కూశాడు. తంగేడుకోన గుంపంతా అందుకుంది. కొండముచ్చులు ఒకరి తోక ఒకరు పట్టుకుని చిందులేశాయి. నెమళ్లు వానలేకపోయినా పురి విప్పాయి. ఎలుగుబంటి బుర్రయ్య ఆనందం పట్టలేక పక్కనున్నవాణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. ఆ పక్కనున్నది ముళ్లపంది. అయినా బుర్రయ్య వదల్లేదు! కేకారావుకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పుట్టినప్పట్నుంచీ తలొంచుకుని ఇంటికెళ్లడమే తెలిసిన గుంపు అది. పరాయి గడ్డ మీద, పరాయివాళ్ల ఎదురుగా, తలెత్తుకుని ఎగురుతోంది. అంతకంటే ఏం కావాలి?

అక్కడితో ఆగితే బాగుండేది. బుర్రయ్య ముళ్లు పీక్కుంటూనే, "పాట కట్టాన్రోయ్!" అన్నాడు.

"అలుగు అలుగు అలిగింది! బంతికి దారి తొలిగింది!"

గుంపు పడీ పడీ నవ్వింది. "కేకారావూ, నువ్వెత్తుకో!" అన్నారందరూ. కేకారావు ఎత్తుకున్నాడు. మైదానం నడిబొడ్డున నిలబడి మొదటిసారి పాడారు.

తర్వాత ఇప్పలబయలు వాళ్లు కూర్చున్న గట్టు ముందుకెళ్లి రెండోసారి పాడారు. అక్కడ వాళ్ల గుంపు పెద్ద, ముసలి నక్క గవరయ్య, తల దించుకుని కూర్చున్నాడు. "ఏం ముసలీ, గొంతు పడిపోయిందా?" అన్నాడు కేకారావు.

మూడోసారి పాడటానికి గోలు దగ్గరికెళ్లారు. పొలుసమ్మ ఇంకా అక్కడే, ఉండలా చుట్టుకునే ఉంది. అందరూ చుట్టూ చేరారు. కేకారావు పాట ఎత్తుకోవడానికి నోరు తెరిచాడు. అంతలో ఆ ఉండలోంచి సన్నగా ఒక గొంతు వినబడింది. తనలో తను అనుకుంటోంది పొలుసమ్మ. "ఒక్క క్షణం... ఒక్క క్షణం కళ్లు మూసుకోకుండా ఉంటే..."

కేకారావు తెరిచిన నోరు మూసేశాడు. సిగ్గేసింది అతనికి. బతుకులో తనెప్పుడైనా ఒక్క బంతికి ఎదురు నిలబడ్డాడా?

"ఊఁ, ఎత్తుకోరా!" అన్నాడు బుర్రయ్య.

"నేనెత్తుకోను. ఆట అయిపోయింది బుర్రయ్యా. ఇది ఆట కాదు."

"ఇన్నేళ్లూ వీళ్లు మనల్ని ఏడిపించలేదా?"

"ఏడిపించారు. ఎలా ఉండేదో నీకూ తెలుసుగా? అందుకే ఇక చాలంటున్నాను. పద, మామ్మ ఎదురుచూస్తోంది."

"పొద్దు ఇంకా బోలెడుంది! గెలవక గెలవక గెలిస్తే నీ నస ఏంట్రా మధ్యలో?" అన్నాడు బుర్రయ్య. కేకారావు లేని లోటు తీర్చాలని గుంపంతా రెట్టింపు గట్టిగా పాడింది. గొంతు చించుకుని పాడింది. మళ్లీ మళ్లీ పాడింది.

కేకారావు మాత్రం కిందికి వంగాడు. "పొలుసమ్మక్కా, ఇవాళ నువ్వు ఆపిన బంతులు ఇంకెవరూ ఆపలేరు. మేం గెలిచింది చిన్న గెలుపు కాదు. ఎందుకంటే అక్కడ నిలబడింది నువ్వు," అన్నాడు. పొలుసుల మధ్య నుంచి ఒక కన్ను మెల్లగా తెరుచుకుని అతన్ని చూసింది.

చివరికి అందరూ ఏటి ఒడ్డుకొచ్చారు. పొద్దు వాలుతోంది. ఏరు హోరున పారుతోంది. అవతలి ఒడ్డున, బండ మీద, చిన్న చుక్కలా మామ్మ కూర్చునుంది.

"రండి! అందరం కలిసి కూద్దాం!" అన్నాడు కేకారావు.

బుర్రయ్య నోరు తెరిచాడు. "కీచ్" మంది. కొండముచ్చులు నోళ్లు తెరిచాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. నెమళ్లు మెడలు చాచాయి, దగ్గొచ్చింది. వెక్కిరింతల పాటకే ఉన్న గొంతంతా ఖర్చయిపోయింది!

కేకారావు ఒక్కడే కూశాడు. ఏటి హోరు దాన్ని మింగేసింది. మళ్లీ కూశాడు. మళ్లీ మింగేసింది. మూడోసారి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కూశాడు. అంత దూరం చూపు ఆనని మామ్మ చెవి కూడా కదపలేదు.

గెలిచిన రోజున మామ్మ ఓడిపోయామనుకుని ఇంటికెళ్లాలా? ఈ రాత్రంతా ఆ దిగులుతో పడుకోవాలా? కేకారావు ఇంకేమీ ఆలోచించలేదు. వెనక్కి తిరిగి మైదానం వైపు పరిగెత్తాడు.

ఇప్పలబయలు వాళ్లు ఇంకా గట్టు మీదే ఉన్నారు. కేకారావు రొప్పుతూ గవరయ్య ముందు నిలబడ్డాడు. "బాబాయ్, ఒక్క సాయం చెయ్యాలి!"

"బాబాయేంట్రా బాబాయి? ఇందాక ముసలీ అన్నావు," అన్నాడు గవరయ్య.

"తప్పయింది బాబాయ్. కావాలంటే నాలుగు తన్ను. కానీ పొద్దుగూకేలోపు మా కూత ఏరు దాటాలి. మా మామ్మ వినాలి. మా వాళ్ల గొంతులు పోయాయి. మీరు కూయాలి."

గట్టంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "ఓడిందీ మేమే, మీ గెలుపు కూత కూయాల్సిందీ మేమేనా? బాగుందయ్యా వరస!" అన్నాడు గవరయ్య.

నిజమేగా మరి? కేకారావు తలొంచుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "నేను కూస్తాను."

పొలుసమ్మ! నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. "మూడో పాటప్పుడు అందరూ నోళ్లు తెరిచారు. ఇతనొక్కడే మూసుకున్నాడు. నాతో మంచి మాట మాట్లాడింది కూడా ఇతనొక్కడే. నాకు కూత రాదు, బుసకొట్టడమే వచ్చు. అయినా వస్తాను."

గవరయ్య పొలుసమ్మను చూశాడు. కేకారావును చూశాడు. వాలుతున్న పొద్దును చూశాడు. లేచి ఒళ్లు దులుపుకున్నాడు.

"మా కూత మీకు వచ్చా బాబాయ్?" అన్నాడు కేకారావు ఆశగా.

"రాకపోవడమేంట్రా! ఎన్నేళ్లు వెక్కిరిస్తూ కూశాం!" అన్నాడు గవరయ్య. "పదండర్రా!"

నక్కలు, దుప్పులు, అడవిపందులు, కోతులు అన్నీ ఏటి ఒడ్డుకి పరిగెత్తాయి. వెనకాలే పొలుసమ్మ గునగునా నడిచింది. సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డున మామ్మ లేచి నిలబడింది. ఇంటివైపు తిరిగింది. ఒక అడుగు వేసింది.

"ఇప్పుడే!" అని అరిచాడు కేకారావు.

"ఊ! ఊ! ఊ! ఊఊఊఊఊఊఊ!"

అడవంతా కదిలిపోయింది. ఏటి హోరు ఆ కూత కింద అణిగిపోయింది. బుర్రయ్య గొంతు లేకపోయినా రెండు చేతులతో గుండె బాదుకుంటూ తాళం వేశాడు. మామ్మ ఆగింది. వెనక్కి తిరిగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. అటు నుంచి వీచే గాలి మీద, సన్నగా, వణుకుతూ జవాబొచ్చింది.

"ఊ... ఊ... ఊ... ఊఊఊ..."

కేకారావు ఏడ్చేశాడు. గవరయ్య అతన్ని భుజాల మీదికెత్తుకున్నాడు. రెండు ఒడ్డులవాళ్లూ కలిసి మళ్లీ గంతులేశారు. బుర్రయ్య పొలుసమ్మ ముందు చేతులు కట్టుకుని, బొంగురు గొంతుతో, "తప్పయిందక్కా," అన్నాడు. ఆ రాత్రి చుట్టాలకి పెట్టినట్టు ఇప్పపూలూ తేనే పెట్టారు ఇప్పలబయలు వాళ్లు.

తెల్లారాక తాబేళ్లు అందరినీ ఇవతలి ఒడ్డుకి చేర్చాయి. మామ్మ బండ దగ్గరే ఉంది.

"మనవాళ్లు ఎంతమంది వెళ్లార్రా? అంత పెద్ద కూత నా కాలంలో కూడా వినలేదు," అంది.

కేకారావు నవ్వాడు. "అందరూ మనవాళ్లే మామ్మా."

మామ్మ అతని చెవి మెలిపెట్టింది. "నాకు చెప్పకురా. అందులో గవరయ్య గొంతుంది. వాడి గోల్లోకే నేను ఆ రోజు బంతి కొట్టాను. వాడి గొంతు నాకు తెలీదా?" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను గెలిచాను గానీ, వాళ్ల నోట మన కూత కూయించలేకపోయాను. నువ్వు కూయించావు. నాకంటే పెద్ద గెలుపురా నీది!"

బంతి తన్నడం ఎన్నడూ చేతకాని కేకారావు, ఆ మాట విని, ఇంటి దాకా ఎగురుకుంటూనే వెళ్లాడు.

నీతి: గెలిచిన రోజున ఓడినవాళ్లను వెక్కిరిస్తే గొంతు పోతుంది. వాళ్లను గౌరవిస్తే, మన గెలుపును వాళ్ల గొంతే నలుగురికీ చాటుతుంది.